షేరు కొన్నారు, రేకు పీకారు

పోయిన ఏడు హన్మకొండలో ఒక కాలేజీ వాళ్ళు కామర్స్ పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నాకంటే ముందు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్ర నిపుణుడు మాట్లాడాడు. పెట్రోలు కంపెనీలకు లాభం మిగిలితే డివిడెండ్ పెంచాలా, లేక తమ షేర్లు తామే తిరిగి కొనాలా అన్నది ఎలా తూకం వేస్తాయో తెర మీద రంగురంగుల గీతలు గీసి చూపించాడు. చమురు ధర ఒక ఏడు పైన, మరో ఏడు కింద. ఒకసారి పెంచిన డివిడెండ్ తగ్గిస్తే వాటాదారులు గోల చేస్తారు. కాబట్టి షేర్లు తిరిగి కొనడమే తెలివైన పని అని తేల్చాడు. చివర్లో, "మన దగ్గర డెబ్బైల్లో, ఎనభైల్లో ఈ ప్రశ్నే లేదు, కంపెనీ తన షేర్లు తాను కొనడానికి చట్టం ఒప్పుకునేది కాదు" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

చట్టం ఒప్పుకోని పని ఈ దేశంలో జరగదని నమ్మేవాడికి ఆ ఉద్యోగం ఎవరిచ్చారో నాకు తెలియదు.

నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను ఎడ్లబండ్లతో మొదలుపెట్టేసరికి ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నాడు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ సెక్రెటరీ పనిలోకి వెళ్ళే పిల్లలు చదివితే చాలు. ఏ ఫారం ఎప్పుడు నింపాలో, ఎవరికి ఎప్పుడు సలాం కొట్టాలో మీకు ఎలాగూ ఎవరో ఒకరు నేర్పుతారు. వాటి గురించి నేను రాయను.

హమీద్ సాబ్ రేకు

మాదీ నూనె కంపెనీయే. పల్లికాయ ఆడించి నూనె తీసే మిల్లు, వరంగల్ స్టేషన్‌కు అవతల ఉండేది. పేరు చెప్పను, డైరెక్టర్ల మనవలు ఇంకా ఊళ్ళో తిరుగుతున్నారు, వాళ్ళతో తగువు పెట్టుకునే ఓపిక నాకు లేదు. డెబ్బైల మొదట్లో నేను బీకాం పట్టా పట్టుకుని ఖిలా వరంగల్ నుంచి సైకిల్ మీద వచ్చి అందులో గుమాస్తాగా చేరాను. కొన్నేళ్ళకు సెక్రెటరీని అయ్యాను. ఆ కుర్చీకి ఇంకెవరూ దొరకలేదు, అంతే.

మిల్లు పెట్టేటప్పుడు యజమాని సేటుకు డబ్బు చాలక నెక్కొండ వైపు ఊళ్ళు తిరిగి రైతుల దగ్గర షేర్ల డబ్బు వసూలు చేశాడు. షేరు పది రూపాయలు. దూడను అమ్మి ఇచ్చినవాళ్ళున్నారు, చెవుల కమ్మలు అమ్మి ఇచ్చినవాళ్ళున్నారు. మొత్తంలో సగం దాకా ఆ చిన్న చిన్న షేర్లే. మిగతా సగం సేటుది, అతని అన్నదమ్ములది.

గేటు దగ్గర కాటా చూసే పెద్దమనిషి హమీద్ సాబ్. నాకు ఈ వృత్తిలో గురువు ఎవరంటే ఆయన పేరే చెప్తాను, కంపెనీ చట్టం ఒక్క పేజీ కూడా ఆయన చదవలేదు. పంట దిగే రోజుల్లో బండ్లు రోడ్డు దాకా నిలబడేవి. అమ్ముకుని పోవడానికి రెండు రోజులు, మూడు రోజులు పట్టేది. బయట ఆగిన కొద్దీ దళారులు చుట్టూ మూగి ధర విరిచేవాళ్ళు. షేరు కొన్న రైతులు, "మా మిల్లుకు మేమే బయట నిలబడాల్నా?" అని తగవు పడితే హమీద్ సాబ్ ఒక ఉపాయం చేశాడు. నూనె డబ్బాల రేకు కత్తిరించి, దాని మీద నంబరు కొట్టించి, షేరుదారులకు తలా ఒకటి ఇచ్చాడు. బండి కాడిమానుకు ఆ రేకు కొట్టుకుని వస్తే వరస తప్పించి ముందు గేటులోంచి లోపలికి.

వెనక ఉన్నవాళ్ళు గొడవ పడకుండా ఆయన ఒక దస్తూర్ కూడా పెట్టాడు. రేకు బండి లోపలికి పోయేటప్పుడు నంబరు, పేరు, ఎన్ని షేర్లు అన్నది అందరికీ వినబడేలా చదివేవాడు. ఆయన గొంతు రైల్వే గేటు దాకా వినిపించేది. తన పేరు అలా గట్టిగా చదివినప్పుడు రైతు మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. సేటు అది చూసి, "పిచ్చోళ్ళు, రేకు ముక్కకు మురుస్తాండ్లు" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి.

అల్లుడి బట్టల సిద్ధాంతం

ఒక ఏడు నూనె ధర బాగా పలికింది. చేతిలో డబ్బు నిలిచింది. డైరెక్టర్లు నలుగురూ కూర్చున్నారు. నలుగురూ ఒకే ఇంటివాళ్ళు కాబట్టి మీటింగుకు ఫలహారం తప్ప వేరే ఎజెండా ఉండేది కాదు. ఆ రోజు మాత్రం నిజంగానే ఒక విషయం ఉంది. నేను ధైర్యం చేసి, "ఈసారి డివిడెండ్ కొంచెం పెంచితే రైతులు సంతోషిస్తారు" అన్నాను.

సేటు తమలపాకు నములుతూ నా వైపు జాలిగా చూశాడు.

"డివిడెండ్ అంటే అల్లునికి పెట్టే బట్టలసొంటిది నాయనా. ఒక్క ఏడు పట్టుబట్టలు పెడితివా, మల్లేటికి నూలుబట్ట పెడితే మొఖం మాడ్చుకుంటడు. నూనె ధర మన చేతుల ఉన్నదా? మల్లేటికి పడిపోతే ఏడికెల్లి తెస్తవ్? గదే షేర్లు కొనుడనుకో, కొంటిమి, అయిపాయె. కొనని ఏడు ఎందుకు కొంటలేవని ఎవ్వడన్న అడుగుతడా?"

హైదరాబాద్ కుర్రాడు గంటసేపు గీతలు గీసి చెప్పింది ఇదే. సేటు ఆకు నమలడం అయ్యేలోపు చెప్పేశాడు. నేను ఆ మాటలో తప్పు పట్టను. పంట మీద, ధర మీద బతికే కంపెనీకి పెంచిన డివిడెండ్ మెడకు గుదిబండే. వాటాలు తగ్గితే మిగిలిన ప్రతి వాటాకూ ఎక్కువ వస్తుందన్నదీ నిజమే. పిల్లలూ, ఈ లెక్క వరకు మీ పుస్తకాలు కరెక్టే. అందులో రాయంది ఏమిటంటే, ఆ మిగిలే వాటాలు ఎవరివి అని. లెక్క చెప్పేవాడి సొంత వాటాలు ఎప్పుడూ ఆ మిగిలేవాటిలోనే ఉంటాయి.

"కంపెనీ తన షేర్లు తాను కొనకూడదు కదండీ" అన్నాను.

"కంపెనీ ఎందుకు కొంటది? మా బామ్మర్దులు కొంటరు."

బామ్మర్దులకు పల్లికాయ కొనుగోలు అడ్వాన్సు అనే పేరుతో కంపెనీ డబ్బు పోయింది. ఆ డబ్బుతో వాళ్ళు షేర్లు కొంటారు. ముందు తలుపుకు చట్టం తాళం వేస్తే పెరటి దారి ఎప్పుడూ ఉంటుంది, ఆ దారిలో లాంతరు పట్టుకుని నడిచేవాడికే సెక్రెటరీ అని పేరు.

"ఏ ధరకు?" అని అడిగాను.

"ధర నువ్వే చెప్పాలె. నిన్నుగాక రైతులు ఇంకెవర్ని అడుగుతరు?"

నా చక్కటి తెలుగు

మా షేర్లకు బజారు లేదు. బొంబాయి పేపర్లో వాటి ధర పడదు. రైతుకు తన కాగితం విలువ తెలియాలంటే రెండే దారులు, ఏటా వచ్చే డివిడెండ్ చూసుకోవడం, లేదా నన్ను అడగడం. సేటు రెండింటినీ బిగించాడు. వరసగా రెండేళ్ళు డివిడెండ్ ఆపేశాడు. "యంత్రముల మరమ్మతు భారీగా చేయవలసి వచ్చినందున" అని వాటాదారులకు ఉత్తరం రాసింది నేను. మరమ్మతంటే ఒక బెల్టు మార్చారు, ఒక గోడకు సున్నం వేశారు. కానీ ఉత్తరం ఎంత బాగా రాశానంటే, చదివినవాళ్ళు యంత్రం మీద జాలి పడి ఉంటారు.

గుర్తుపెట్టుకోండి. డబ్బు లేక డివిడెండ్ ఆపడం వేరు. షేర్లు చౌకగా కొనడం కోసం డివిడెండ్ ఆపడం వేరు. రెండింటికీ ఉత్తరం ఒకేలా ఉంటుంది. అందుకే ఉత్తరం చదవద్దు, ఆ సమయంలో ఎవరు కొంటున్నారో చూడండి.

రెండో ఏడు చివర బామ్మర్దుల తరఫు మనుషులు ఊళ్ళల్లో దిగారు. షేరుకు పన్నెండు రూపాయలు, నేను రాసిచ్చిన ధర. పదికి కొన్నది, రెండేళ్ళుగా పైసా రానిది, పన్నెండుకు పోతోంది. జనానికి బాగానే అనిపించింది. అసలు విలువ దానికి మూడింతలకు తక్కువ లేదని లెక్కలు రాసిన నాకు తెలుసు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. నాకూ యాభై షేర్లున్నాయి. చేరిన కొత్తలో సిబ్బందికి పది రూపాయలకే ఇస్తే జీతంలో కోయించుకుని కొన్నాను. బామ్మర్దులు కొంటున్న రోజుల్లోనే సేటు ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "నీవి ఉంచుకో. ముందట పనికొస్తయ్" అన్నాడు. నోరు మూసుకుని ఉన్నందుకు అదే నా లంచం. ఎవరూ చేతిలో డబ్బు పెట్టలేదు కాబట్టి అది లంచం అని నేను చాలాకాలం ఒప్పుకోలేదు. కంచే చేను మేసిందంటారు. మా మిల్లులో కంచెకు మేస్తున్నట్టు కూడా తెలియదు.

కొమురమ్మ అడిగిన మాట

నెక్కొండకు ఇవతల ఒక పల్లె నుంచి కొమురమ్మ అని ఒకావిడ వచ్చింది. అరవైకి దగ్గర వయసు. భర్త పోయాక మరిదితో కలిసి రెండెకరాలు చేసుకుంటోంది. ఇరవై షేర్లు. కాగితాన్ని గుడ్డలో చుట్టి రొండిన దోపుకుని తెచ్చింది. నా బల్ల ముందు కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

"బిడ్డా, గీ కాయితానికి పైసలు ఇస్తమంటాండ్లు. బాయిల నీళ్ళు అడుగంటినయ్. జర లోతు తీపిస్తె యాసంగికి పల్లికాయ ఏసుకుంట. అమ్మమంటవా, వద్దంటవా?"

"రెండేండ్ల సంది డివిడెండ్ లేదు కద పెద్దమ్మా. పన్నెండంటె మంచి ధరనే" అన్నాను.

"ధర సంగతి కాదు బిడ్డా. నువ్వయితే అమ్ముతవా?"

నలభై ఏళ్ళ వృత్తిలో నన్ను ఆడిటర్లు, ఇన్‌స్పెక్టర్లు, వకీళ్ళు ఎన్నో ప్రశ్నలు అడిగారు. ఒక్కరు కూడా ఇంత సూటిగా అడగలేదు. నా వెనక బీరువాలో, తాళం వేసిన అరలో, నా యాభై షేర్ల కాగితాలున్నాయి.

"అమ్ముత పెద్దమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి బదిలీ కాగితం మీద వేలిముద్ర వేసింది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"కాయితం ఇచ్చిన గదా, రేకు గూడ ఇయ్యాల్నా?"

"రేకుతోటి మాకేం పని? నీ తాననే ఉంచుకో."

ఈ రెండో జవాబు అబద్ధం కాదు. నిజంగానే నాకు ఆ రేకు లెక్కలోనే లేదు. ఆస్తులు, అప్పులు, నిల్వలు అన్నీ కూడి షేరు విలువ కట్టినవాణ్ణి, రేకు విలువ కట్టలేదు. ఆ రైతులకు షేరంటే ఏడాదికోసారి వచ్చే చిల్లర కాదు, పంట దిగిన రోజున తెరుచుకునే గేటు. అది వాళ్ళకు తెలుసు, హమీద్ సాబ్‌కు తెలుసు. సేటుకూ తెలుసని నాకు తర్వాత అర్థమైంది. పట్టా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నాకు తెలియలేదు. కొమురమ్మ అమ్మిందని విని ఆ చుట్టుపక్కల ఇంకో పదిహేను మంది దాకా అమ్మారు. "సెక్రెటరీ సారే అమ్ముతనన్నడట" అన్నది వాళ్ళకు చాలింది.

చెడగొట్టు వాన

మరుసటి యాసంగి పంట దిగేసరికి సేటు హుకుం వచ్చింది. అమ్ముకున్నవాళ్ళ రేకులు గేటు దగ్గరే పీకేయాలి. ఇప్పుడు షేర్లు బామ్మర్దులవి, రేకులూ వాళ్ళవే. బామ్మర్దులు పల్లికాయ వ్యాపారులు. వరసలో ఆగి విసిగిపోయిన రైతుల దగ్గర రోడ్డు మీదే చౌకగా కొని, లారీలకు నింపి, రేకు చూపించి ముందు గేటులోంచి తోలుతున్నారు. వాళ్ళు కొన్నది షేరు కాదు, గేటు. అదంతా నేను రాసిన ధరకు.

ఒక రోజు మధ్యాహ్నం పడమర నల్లగా కమ్ముకొచ్చింది. యాసంగి కోతలప్పుడు పడేది చెడగొట్టు వానే, కోసిన పంటను పాడు చేయడానికే వస్తుంది. తడిసిన పల్లికాయను మా మిల్లు సగం ధరకు కూడా ముట్టదు. గేటు దగ్గర కేకలు వినిపించి నేను దిగి వెళ్ళాను. వాచ్‌మన్ పట్టకారు పట్టుకుని కొమురమ్మ బండి కాడి మీద రేకు పీకుతున్నాడు. మరిది ఎడ్ల పగ్గాలు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. బండి నిండా బస్తాలు. లోతు తీయించిన బావి కింద పండిన మొదటి పంట అది.

ఆమె నన్ను చూసింది.

"బిడ్డా, గీళ్ళు రేకు పీకుతాండ్లు. నువ్వే గదా రేకుతోటి పని లేదంటివి? జర చెప్పరాదు."

నేను కాటా గదిలోకి పోయి హమీద్ సాబ్‌ను బతిమాలాను. ఈ ఒక్క బండిని లోపలికి పంపమన్నాను.

"ఎట్ల పంపాలె సాబ్? ఖాయిదా ఖాయిదానే. రేకు లేని బండిని పంపితె ఎనుక ఉన్నోళ్ళంత నన్ను బతకనిస్తరా?" అని పెట్టె తీశాడు. అడుగు నుంచి ఒక రేకు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది మీది. పదేండ్ల సంది పడి ఉన్నది. మీకు బండి లేదని మీరేనాడు తీస్కపోలే. ఎవరి రేకయినా బండికి రేకుంటే చాలు నాకు. గని పేరు సదవాలె. దస్తూర్ మీకు ఎరుకనే."

ఆ రేకు పట్టుకుని ఆ గదిలో ఎంతసేపు నిలబడ్డానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. రెండు లారీలు లోపలికి పోయాయి. నేను ఆలోచించింది ఆమె పంట గురించి కాదు, నా పరువు గురించి. గది పైకప్పు మీద మొదటి చినుకులు టప్పున పడిన చప్పుడు వినిపించాక గానీ నా కాళ్ళు కదలలేదు. బయటికి వచ్చి వాచ్‌మన్ చేతికి రేకు ఇచ్చి, ఆ బండికి కొట్టమన్నాను.

"సదవాల్నా సాబ్?" అన్నాడు హమీద్ సాబ్.

"చదవండి."

ఆయన గొంతు తగ్గించలేదు. నంబరు చదివాడు, సెక్రెటరీ సారు అని నా పేరు చదివాడు, యాభై షేర్లు అని చదివాడు. వరసలో రోడ్డు దాకా ఉన్న బండ్లలో నా మాట మీద అమ్ముకున్నవాళ్ళు పదిమందైనా ఉన్నారు. అందరూ విన్నారు. కొమురమ్మ నా ముఖం వైపు ఒక్కసారి చూసి, మరిదిని తోలమంది. బండి లోపలికి పోయింది.

వెనక బండి మీది నుంచి ఒక ముసలాయన దిగి నా దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"సారూ, గసొంటిది ఇంకొకటి ఉన్నదా?" అని అడిగాడు.

లేదన్నాను. ఆయన పోయి బస్తాల మీద తన తువ్వాల కప్పాడు. అప్పుడు వాన దంచికొట్టింది.

ఒక మాట మిగిలింది

సేటు నన్ను తిట్టాడు, ఉద్యోగం మాత్రం తీయలేదు. ఆ అడ్వాన్సు కాగితాల సంతకాల్లో నాది కూడా ఉందిగా, ఎందుకు తీస్తాడు? ఎనభైల చివర మిల్లు మూతపడింది. స్థలం అమ్మితే వాటాదారులకు బాగా ముట్టింది, నాకు కూడా. నేను ఇప్పుడు ఇది రాస్తున్న గది ఆ డబ్బుతో కట్టిందే. ఆ వానకు తడిసినవాళ్ళకు ఏమీ రాలేదు. కంపెనీలు వాటాలు కొనాలా డివిడెండ్ పెంచాలా అని ఎవరైనా నన్ను అడిగితే, నేను తిరిగి ఒకటే అడుగుతాను, సలహా ఇస్తున్నవాడి అరలో ఏముందో చూశారా అని. దానికి జవాబు చెప్పనివాడి గీతలు ఎంత రంగులో ఉన్నా దండగే.

ఆ రోజు సాయంత్రం వాన వెలిశాక కొమురమ్మ నా గదికి వచ్చింది. పల్లికాయ పొడిగానే తూగింది, మంచి ధరే వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె కొంగున ముడి విప్పి నా రేకు తీసింది. మట్టి తుడిచి నా బల్ల మీద పెట్టింది.

"ఇగో బిడ్డా, నీ రేకు. పైలంగ పెట్టుకో" అంది. "ఎవలన్న కొంటమని వస్తె అమ్మకు."